అడ్డుపెట్టని దగ్గు

నిన్న బరంపురంలో ఇచ్ఛాపురం బస్సెక్కితే, నా వెనుక కూర్చున్న పెద్దమనిషి గిరిసోలాలో దిగే దాకా నోటికి చేయైనా అడ్డుపెట్టకుండా దగ్గుతూనే ఉన్నారు. తుంపరలు నా మెడను తాకుతున్నా ఓర్చుకున్నాను గానీ, పక్క సీటులో తల్లి ఒడిలో నిద్రపోతున్న నెలల బిడ్డను చూసి నా ప్రాణం విలవిలలాడింది. భుజం మీద తువ్వాలు ఉంది కదా, అది నోటి దాకా రావడానికి ఎంత శ్రమ? “కాస్త అడ్డుపెట్టుకోండి బాబూ” అంటే, “మామూలు దగ్గేనమ్మా” అన్నారు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే లోకానికి చూపించాడు. అది దగ్గుతో గాలిలో కలుస్తుంది. తట్టు క్రిమి 2 గంటల దాకా గాలిలో నిలుస్తుంది, దాని టీకా మన దేశంలో 9 నెలలు నిండితే గానీ వేయరు. ఆ తల్లి మాత్రం మారుమాట లేకుండా బిడ్డ ముఖం మీదికి కొంగు లాక్కుంది.