7,800 కిలోమీటర్లకు 13 గంటలు ఎందుకు?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు దాదాపు 7,800 కిలోమీటర్లు. 2022 ఫిబ్రవరి వరకు ఆ దేశపు ఫిన్నెయిర్ సంస్థ విమానం ఆ దూరాన్ని సుమారు తొమ్మిదిన్నర గంటల్లో దాటేది. ఇప్పుడు 13 గంటలు పడుతోంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ దేశాలు, రష్యా తమ గగనతలాలను పరస్పరం మూసివేసుకున్నాయి. ఈ రెండు నగరాల మధ్య దగ్గరి దారి దాదాపు అంతా రష్యా మీదుగానే సాగుతుంది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంతని వెతికితే కనిపించే అంకె ఈ దగ్గరి దారిదే. భూగోళం మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే కొలత అది. విమానం ఎగిరే దారి వేరు. ఈ సర్వీసు ఇప్పుడు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన కాస్పియన్ సముద్రం, కజకిస్తాన్, చైనాల మీదుగానో వెళ్లాలి. పడమటి నుంచి చాలా ఎత్తులో వీచే బలమైన గాలులను బట్టి ఆ ఎంపిక జరుగుతుంది. ధ్రువం మీదుగా వెళ్లే విమానంలో, దారిలో దిగాల్సి వస్తే అవసరమని గడ్డకట్టే చలిని తట్టుకునే దుస్తులు కూడా ఉంచుతారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది పాత చరిత్ర. 1983లో ఇదే సంస్థ డీసీ-10 రకం విమానంతో టోక్యోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టినప్పుడు సోవియట్ యూనియన్ మీదుగా దారి లేదు. ధ్రువాన్ని చుట్టి వెళ్లిన ఆ విమానానికీ సుమారు 13 గంటలే పట్టింది. తర్వాత రష్యా మీదుగా తెరుచుకున్న దారి మిగిల్చిన సమయాన్ని ఒక్క యుద్ధం తినేసింది.

తన గగనతలంపై ప్రతి దేశానికీ పూర్తి సార్వభౌమాధికారం ఉందని 1944 నాటి చికాగో ఒప్పందం చెబుతోంది. ఆ హక్కును నేను కాదనను. దురాక్రమణకు దిగిన దేశంతో సంబంధాలు తెంచుకోవడంలో న్యాయమూ ఉంది. కానీ ఆ ఖర్చును పన్నులా పంచుకోవడం లేదు. అదనపు ఇంధనం, అదనపు సిబ్బంది భారం చివరికి టికెట్ కొన్నవారి మీదే పడుతోంది. చైనా సంస్థలు మాత్రం ఇప్పటికీ రష్యా మీదుగానే యూరప్‌కు ఎగురుతున్నాయి.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసివేసింది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి అక్కడ పెద్ద తేడా రాలేదు. దెబ్బ తగిలింది ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లేవారికి. ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. పిల్లల దగ్గరికి ఆ దారిన వెళ్లే మన పెద్దవాళ్లకు మోకాళ్లు ముడుచుకుని కూర్చునే ఒక్కో అదనపు గంటా బరువే. విమానం ఏ దారిన వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో, గాలిలో ఎన్ని గంటలుంటుందో టికెట్ అమ్మే ముందే వారికి తెలుగులో స్పష్టంగా చెప్పాలి.