పండుకుంటె అయిపోతది

గత ఆదివారం నల్లగొండ గడియారం సెంటరు దగ్గర, ఒక మేడగదిలో, ఎముకల డాక్టర్లందరూ దుకాణాలు కట్టేసుకోవలసిన ఘటన జరిగింది. పిల్లలు పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రయి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆడుతూ, దేవరకొండ కోటను రాక్షసుల కొలువుగా మలచుకుని లోపలికి వెళ్లారు. బురుజు మలుపులో ఒక రాక్షసుడు దుడ్డుకర్రతో మోదగా, మా తమ్ముని కొడుకు నడిపే వీరుడికి నలభై నాలుగు హిట్ పాయింట్లలో, అంటే ప్రాణబలం లెక్కలో, ఒక్కటి మిగిలింది. నేను అయ్యో అనబోయాను. వాడు మిర్చిబజ్జీ నములుతూ, "ఏం కాదు పెదనాయినా, పండుకుంటె అయిపోతది" అన్నాడు.

పండుకున్నాడు. 2014లో వచ్చిన ఆట నియమాల అయిదో ఎడిషన్ ప్రకారం ఎనిమిది గంటల విశ్రాంతి చాలు. అందులోనూ ఆరు గంటలే నిద్ర, మిగతా రెండు గంటలు తినవచ్చు, ముచ్చట పెట్టవచ్చు. విరిగిన పక్కటెముకలు ఆ ముచ్చట్ల మధ్యనే మర్యాదగా అతుక్కున్నాయి. తెల్లవారి వీరుడు నలభై నాలుగింటితో లేచి, ఒళ్లు విరుచుకుని, అదే రాక్షసుడి మీదికి బయలుదేరాడు. కట్టు లేదు, కాపడం లేదు, చిటికెడు పసుపు కూడా లేదు.

మేము హాస్టల్లో జిరాక్సు తీయించుకుని ఆడిన 1979 నాటి నియమాల పుస్తకంలో రోజంతా మంచాన ఉంటే వచ్చేది ఒక్క పాయింటు; ఎంతటి యోధుడికైనా పూర్తిగా కోలుకోవడానికి నాలుగు వారాల దాకా పట్టేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ రోజుకు వీరుడి స్థాయి (లెవెలు) ఎంతో అన్ని పాయింట్లు ఇచ్చి కాస్త కనికరించింది. 2008లో నాలుగోది ఆరు గంటలకే అన్నీ తిరిగి ఇచ్చేసింది కనుక, అయిదోది మరో రెండు గంటలు కలిపి పిల్లలకు క్రమశిక్షణ నేర్పిందని కూడా మనం సంతోషించవచ్చు. 2014లో, ఖర్చయిన హిట్ డైస్ (చిన్న విశ్రాంతిలో గాయాలు మాన్పుకోవడానికి వేసే పాచికలు) వీరుడికి ఉన్న మొత్తంలో సగం దాకానే తిరిగి వచ్చేవి. 2024 సవరణలో అవి కూడా మొత్తం వస్తాయి. పరుపు నాణ్యత పెరిగినట్లుంది.

మా మేనమామ తాటిచెట్టు మీది నుంచి జారి, నడుము విరిగి, పదకొండు నెలలు మంచాన పడ్డాడు. ఆ పదకొండు నెలలు ఇంటిని మోసింది మా అత్త. పాత ఆటలో ఒకడు పడితే మిగిలినవాళ్లు వాణ్ణి మోయాలి, సత్రానికి పైకం కట్టాలి, వదిలేసి పోదామన్నవాడితో తగవు పడాలి. ఆ తగవే కదా ఆట! పడ్డవాడి బరువు ఎవరి భుజం మీదా పడకుండా చేసి, దానికి వీరత్వమని పేరు పెట్టుకోవడానికి సిగ్గుండాలి.

బుధవారం మా వాడు స్కూటీ మీది నుంచి పడి మోకాలు చెక్కుకున్నాడు. మరదలు టించరు అద్దితే వాడకట్టంతా వినబడేలా అరిచాడు. నాలుగు రాత్రులు పండుకున్నా తగ్గలేదు కనుక ఈ ఆదివారం ఆటకు రాలేడట.