అడవి నికోబార్‌లో, బదులు హరియాణాలోనా?

గ్రేట్ నికోబార్‌లో సుమారు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని అడవి కాని పనులకు మళ్లించడానికి 2022లో సూత్రప్రాయ అనుమతినిచ్చిన కేంద్రం, దానికి బదులుగా హరియాణాలో మొక్కలు పెంచితే సరిపోతుందని తీర్మానించింది. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరపు అడవికీ, ఆరావళి రాతిగుట్టలకూ ఏ పోలికా లేకపోయినా కాగితం మీద లెక్క కుదిరింది. ఈ ఆనవాయితీ స్థిరపడితే రేపు ఏ అడవినైనా నరికి, ఎక్కడో ఒక మొక్కల తోటను చూపించి చేతులు దులుపుకోవచ్చు.

అడవి పక్కనే ప్రభుత్వ భూమి దొరకడం కష్టమని అధికారులు చెబుతున్నారు. నిజమే కావచ్చు. కానీ భూమి దొరకనప్పుడు, పోయిన అడవికి పరిహారంగా కట్టించుకున్న సొమ్మును మిగిలిన ఆవాసాల రక్షణకు వెచ్చించకుండా, దొరికిన చోటల్లా గుంతలు తవ్వడం ఏ శాస్త్రం? ఆ సొమ్ము చేరే పరిహార వనీకరణ నిధి నుంచి 2019లో రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా అందాయి. దేశంలో పాడైన ఆవాసాలన్నిటినీ బాగుచేయడానికి అదీ చాలదు గనుకే ముందు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది తేలాలి. ఉత్తరాఖండ్‌లో ఈ నిధితో ఐఫోన్లు, ఫ్రిజ్‌లు కొన్నారని 2025లో కాగ్ బయటపెట్టినప్పుడు గగ్గోలు పుట్టింది. నిబంధనల ప్రకారమే సాగుతున్న ఈ పెద్ద దుబారా మాత్రం ఎవరికీ పట్టలేదు.

నష్టం మన గడప దాకా వచ్చేదే. 1900 తర్వాత కనిపించకుండా పోయి, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికిన అరుదైన పక్షి కలివికోడికి ముళ్లపొదలూ, వాటి మధ్య నడిచేందుకు ఖాళీ నేలా కావాలి. పొదలు దట్టంగా అల్లుకుపోయినా, పూర్తిగా పోయినా అది బతకదు. బట్టమేకపిట్టకు కావలసింది రోళ్లపాడు వంటి గడ్డిమైదానం. ఇలాంటి నేలలే రికార్డుల్లో క్షీణించిన అడవులుగానో బంజర్లుగానో నమోదై, మొక్కలు నాటే పథకాలకు ముందుగా కంటబడతాయి. చెట్లు పెంచినవారికి క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ పథకం 2024లో కోరినట్టు హెక్టారుకు 1,100 చెట్ల చొప్పున అక్కడ పెంచితే, ఒకచోట అడవిని పోగొట్టిన పరిహారం మరోచోట ఆవాసాన్ని చంపుతుంది. హరియాణాతో సరిపెట్టుకున్న ప్రభుత్వం కలివికోడి ఉండే కడప జిల్లా లంకమల పొదల దగ్గర ఆగుతుందన్న భరోసా ఏమిటి?

ఉన్న అడవినీ, గడ్డినేలనూ కాపాడటం మొదటి పద్దు కావాలి. వాటిని ఆనుకొని చెడిన నేలను బాగుచేయడం రెండోది. కొత్త తోటలు ఆఖరున రావాలి. గుంత తవ్వేముందు అక్కడ ఏం బతుకుతోందో చూసే ఓపిక లేని శాఖకు ఈ నిధిపై పెత్తనమెందుకో పాలకులే చెప్పాలి.