ఎంఎస్ పిల్లల ఇంటర్న్‌షిప్: సెప్టెంబరులోనే తేలిపోయే లెక్క

అమెరికాకు ఎంఎస్‌కి పంపే ముందు తెలుగు ఇళ్లల్లో జరగని చర్చ ఉండదు. ఏ యూనివర్సిటీ నుంచి ఐ-20 (వీసాకు కావలసిన యూనివర్సిటీ పత్రం) వచ్చింది, లోన్ ఎంత శాంక్షనైంది, వీసా స్లాట్ ఎప్పుడు, రూమ్‌లో ఎంతమంది ఉంటారు, కుక్కర్ ఇక్కడి నుంచి పట్టుకెళ్లాలా అక్కడ కొనుక్కోవాలా... ఇంటర్న్‌షిప్ మాట మాత్రం రాదు. వచ్చినా "ఫస్ట్ సెమ్ అయ్యాక చూసుకోవచ్చులే, సీనియర్లున్నారుగా" అన్న దగ్గర ఆగిపోతుంది. ఫస్ట్ సెమ్ అయ్యేది డిసెంబరులో. అప్పటికి పెద్ద కంపెనీలు వచ్చే వేసవికి కావలసిన ఇంటర్న్‌లను చాలావరకు ఎంచేసుకుని ఉంటాయి.

ఫాల్ ఇన్‌టేక్ పిల్లల క్యాలెండర్ చూడండి. ఆగస్టు మొదట్లో దిగుతారు. మూడో వారంలోనో నాలుగో వారంలోనో క్లాసులు మొదలవుతాయి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్లు (కంపెనీలు వచ్చి విద్యార్థులను కలిసే మేళాలు) నడుస్తాయి. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకులు మరుసటి వేసవి దరఖాస్తులను ఆగస్టుకే తెరుస్తాయి, కొన్నయితే ఇంకా ముందే. అంటే దిగి నెల తిరక్కుండానే, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు సర్దుకుంటూ, చేతిలో ఒక్క గ్రేడు కూడా లేకుండా ఆ క్యూలో నిలబడాలి. పక్కన నిలబడేది అదే క్యాంపస్‌లో మూడేళ్లుగా చదువుతూ, ఒక వేసవి ఎక్కడో పనిచేసి వచ్చిన అమెరికన్ విద్యార్థి. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఈ క్యాలెండర్ నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీని దృష్టిలో పెట్టుకుని ఏర్పడింది. రెండేళ్ల ఎంఎస్‌కి అందులో దక్కేది ఒకే ఒక్క వేసవి.

ఆ ఒక్క వేసవి కోసం ఎంతమంది పోటీ పడుతున్నారంటే, 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు, చదువయ్యాక అనుమతి మీద అక్కడే పనిచేస్తున్నవాళ్లతో కలిపి, 3,31,602 మంది. 2008-09 తర్వాత మనం మళ్లీ చైనాను దాటింది ఆ ఏడాదే. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి చేరింది. వాళ్లలో తెలుగువాళ్లు ఎంత దండిగా ఉంటారో డల్లాస్ చుట్టుపక్కల ఏ క్యాంపస్‌కి వెళ్లినా కనిపిస్తుంది. అందరిదీ కంప్యూటర్ సైన్సో, డేటా సైన్సో. రెజ్యూమెలు కూడా ఒకే టెంప్లేటులో ఉంటాయి.

చట్టం అడ్డమా అంటే, కాదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివినవాళ్లు సీపీటీ (కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద బయటి కంపెనీలో పనిచేయొచ్చు. దీనికి ప్రభుత్వానికి దరఖాస్తు లేదు, ఫీజు లేదు, లాటరీ అసలే లేదు. ఆ పని మన కోర్సులో భాగమయ్యేదై ఉండాలి. ఆఫర్ లెటర్ తెచ్చుకుని, అందుకు తగిన కోర్సులో రిజిస్టరైతే యూనివర్సిటీలోని డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) కొత్త ఐ-20 మీద అనుమతి ఇస్తారు. ఏ కంపెనీలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అందులో ఉంటుంది. ఆ తేదీకి ఒక్కరోజు ముందు పని మొదలుపెట్టినా అది అనుమతి లేని పనే అవుతుంది. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలకు చేరితే ఆ స్థాయి డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. ఒక వేసవి మూడు నెలలే కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

చిక్కంతా కంపెనీ వైపు ఉంటుంది. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో సాధారణంగా రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. పనిచేయడానికి చట్టబద్ధమైన అర్హత ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ, ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ (మన తరఫున కంపెనీ ఉద్యోగ వీసాకు పిటిషన్ వేయడం) కావాలా అన్నది రెండోది. చదువయ్యాక హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలనుకునేవాళ్లు రెండోదానికి నిజం చెప్పాలంటే అవుననే చెప్పాలి. అక్కడే చాలా దరఖాస్తులు మనిషి కంట పడకముందే పక్కకు పోతాయి. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక కంపెనీల బెదురు ఇంకా పెరిగింది. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో అధికారులు వివరణ ఇచ్చారు. హెడ్‌లైన్ చదివినవాళ్లందరూ వివరణ దాకా రారు కదా.

విచిత్రం ఏమిటంటే, ఇంటర్న్‌షిప్ వరకు చూస్తే మన విద్యార్థిని తీసుకోవడంలో కంపెనీకి అదనపు ఖర్చే లేదు. పైగా కొంత మిగులు. జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద ఉద్యోగి 7.65 శాతం, కంపెనీ మరో 7.65 శాతం కడతారు. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా తొలి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ పన్ను ఇద్దరికీ ఉండదు. కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలన్న నిబంధన స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ డిగ్రీలవాళ్ల ఓపీటీ) పొడిగింపుకే గానీ సీపీటీకి లేదు. పది మంది పనిచేసే చిన్న కంపెనీ కూడా ఆఫర్ లెటర్ ఇచ్చి తీసుకోవచ్చు. ఈ విషయం చిన్న కంపెనీల యజమానులకు తెలియదు, మనవాళ్లూ చెప్పరు. "వేసవికి మీరు ఆఫర్ లెటర్ ఇస్తే చాలు, వీసా పిటిషనూ, ఫీజూ అక్కర్లేదు, మా యూనివర్సిటీయే అనుమతి ఇస్తుంది" అని రెండు వాక్యాలు చెప్పడం ప్రాక్టీసు చేయాలి. కాకపోతే వెబ్ ఫారంకి ఆ రెండు వాక్యాలూ చెప్పుకోలేం. అందుకే రాత్రి కూర్చుని పోర్టల్స్‌లో వందల దరఖాస్తులు కొట్టడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. రోజుకు ఇన్ని కొట్టాం అన్న లెక్క మాత్రం మిగులుతుంది.

మనిషిని నేరుగా కలవగలిగే చోట్లు కొన్ని ఉన్నాయి. కెరీర్ ఫెయిర్ ఒకటి. దానికన్నా మంచిది సొంత డిపార్ట్‌మెంట్. ప్రొఫెసర్లకు కంపెనీల ప్రాజెక్టులుంటాయి, పాత విద్యార్థులుంటారు, వాళ్లను అడిగేవాళ్లే తక్కువ. క్యాంపస్ ఐటీ విభాగంలోనో, రీసెర్చ్ సెంటర్‌లోనో సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పనిచేయడానికి సీపీటీ కూడా అక్కర్లేదు. జీతం క్యాంటీన్‌లో ఇచ్చేంతే ఉన్నా రెజ్యూమెలో ఆ పని విలువ వేరు. మూడోది ఊళ్లోని మామూలు సంస్థలు: ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ఫ్యాక్టరీలు, లాజిస్టిక్స్ కంపెనీలు. వీటిలో చాలావాటికి సెప్టెంబరు హడావుడి ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో, ఒక్కోసారి వేసవికి నెల ముందు, ఒకరో ఇద్దరో కావాలనుకుంటాయి. పేరున్న కంపెనీ లోగో లింక్డ్‌ఇన్‌లో కనపడాలన్న మోజు కొంత తగ్గించుకుంటే ఈ తలుపులు కనిపిస్తాయి. డిఫెన్స్ కాంట్రాక్టర్ల ఉద్యోగాల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో చాలావాటికి పౌరసత్వం కావాలి, ఆ దరఖాస్తులకు పెట్టిన టైమంతా వృథా.

ఇక రిఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాళ్లు మన పేరు సిఫారసు చేయడం. అమెరికాలో తెలుగువాళ్లు లేని పెద్ద టెక్ కంపెనీ దొరకడం కష్టం. అది మనకున్న బలం, దాన్ని మనం వాడుతున్న తీరే బాగాలేదు. "హాయ్ అన్నా, మీ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉంటే రిఫర్ చేయండి" అని వచ్చిన మెసేజ్‌తో ఆ అన్న ఏం చేయాలి? ఏ ఓపెనింగో తెలియదు, రెజ్యూమె లేదు, పంపినవాళ్లెవరో తెలియదు. జాబ్ ఐడీ, ఒక పేజీ రెజ్యూమె, ఈ పనికి నేనెందుకు సరిపోతానో చెప్పే మూడు లైన్లు పంపితే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంకా మంచి దారి, రిఫరల్ అడక్కుండా ముందు ఆయన టీమ్ ఏం చేస్తుందో అడగడం. అక్కా అన్నా అన్న పిలుపు తలుపు తెరుస్తుంది, లోపలికి వెళ్లాక మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆ ఏదో ఒకటి లేకపోవడమే అసలు లోపం అని నాకనిపిస్తుంది. దాని మూలం అమెరికాలో లేదు. బీటెక్ ఫైనలియర్‌లో అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో డబ్బులిచ్చి ప్రాజెక్టు, దాని రిపోర్టు, వైవా ప్రశ్నలు అన్నీ కలిపి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. కాలేజీకి అది చాలు. కెరీర్ ఫెయిర్‌లో రిక్రూటర్ అడిగే మొదటి ప్రశ్న మాత్రం "దీన్లో నువ్వు చేసిందేంటి?" అనే. ఎక్కడ తప్పు వచ్చింది, ఎలా సరిదిద్దావు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు అని రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వస్తాయి. కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్న దగ్గరే కూలుతుంది. వీసా స్లాట్ కోసం ఎదురుచూసే నెలల్లో సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒక్కటున్నా, వాళ్ల ఊరి రైతుబజారు ధరలు సేకరించి పెట్టే యాప్ అయినా సరే, అప్పుడు పనికొస్తుంది.

ఇవేవీ కుదరనివాళ్లకు అడ్డదారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చేరిన రోజు నుంచే సీపీటీ ఇస్తామనే కాలేజీలు, ఆఫర్ లెటర్‌కి రేటు కట్టే ఏజెంట్లు. మొదటి రోజు నుంచే పని తప్పనిసరి అయిన గ్రాడ్యుయేట్ కోర్సులకు చట్టంలో మినహాయింపు నిజంగానే ఉంది. ఆ కిటికీలోంచే మొత్తం వ్యాపారం నడుస్తుంది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు చూశాం. దాని అధిపతికి తర్వాత 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో ఇంకో కథ. డెట్రాయిట్ దగ్గరి ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి సంస్థ. అక్కడ క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. వలేసి పట్టడం న్యాయమా అని అప్పట్లో గట్టి చర్చే జరిగింది, ఆ చర్చలో విద్యార్థుల పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. కానీ క్లాసే లేని చోట ఫీజు కట్టి సీపీటీ తెచ్చుకోవడం చదువు కాదని అందులో చేరిన ఎవరికైనా తెలియకుండా ఉండదు. ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి విద్యార్థి నుంచే డబ్బడిగితే, దాన్ని ట్రైనింగ్ ఫీజు అన్నా ఇంకేమన్నా, అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

అమెరికా వదిలి వేరే దేశం చూసేవాళ్లు కూడా చేరకముందే ఈ లెక్క వేసుకోవడం మంచిది. బ్రిటన్‌లో మాస్టర్స్ సాధారణంగా ఏడాదే. వేసవంతా డిసర్టేషన్, అది సెలవుల కింద లెక్కకు రాదు, కాబట్టి వారానికి 20 గంటల పరిమితి అప్పుడూ ఉంటుంది. కోర్సులోనే ప్లేస్‌మెంట్ ఉన్నది ఎంచుకోకపోతే ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్‌కి చోటే లేదు. జర్మనీలో 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో పనిచేయొచ్చు. కోర్సులో తప్పనిసరైన ఇంటర్న్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. అక్కడ అసలు వీసా జర్మన్ భాషే అనుకోవచ్చు.

అమెరికాలోనూ కోర్సు ఎంపికలోనే సగం తేలిపోతుంది. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ లాంటి చోట్ల కో-ఆప్ పేరుతో ఆరేసి నెలలు కంపెనీల్లో పనిచేసే పద్ధతి చదువులోనే ఉంది. వేసవి రద్దీ తప్పించుకోవడానికి అదొక దారి. ఇంకొకటి, మనవాళ్లు చిన్నచూపు చూసే స్ప్రింగ్ ఇన్‌టేక్. జనవరిలో చేరినవాళ్లకు మొదటి వేసవి సీపీటీ సాధారణంగా రాదు, నిజమే. కానీ సెప్టెంబరు ఫెయిర్ నాటికి వాళ్ల చేతిలో ఒక సెమిస్టర్ గ్రేడ్లు, పరిచయమున్న ప్రొఫెసర్లు, సొంత ప్రాజెక్టు అన్నీ ఉండొచ్చు. రెండో వేసవి ఇంటర్న్‌షిప్ చేసి డిసెంబరులో పట్టా తీసుకోవచ్చు. ఫీజు మిగులుతుందని మొదటి ఏడాదే కోర్సులన్నీ కుక్కేసుకుంటే మాత్రం ఈ లాభం పోతుంది. సీపీటీ చదువు ముగియక ముందే చేయాలి.

ఇప్పుడు అమ్మానాన్నల వైపు లెక్క. మొదటి సెమిస్టర్‌లో మన పిల్లల సాయంత్రాలు ఎక్కడికి పోతున్నాయో అందరికీ తెలుసు. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్‌లోనో క్యాష్ పని. అది చట్టవిరుద్ధం, పట్టుబడితే వీసానే పోతుంది. దొరక్కపోయినా సెప్టెంబరు, అక్టోబరు పోతాయి. ఖర్చులకు నెలకు 800 డాలర్లు అనుకుంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా 3,200 డాలర్లు, దాదాపు 3 లక్షల రూపాయలు. వేసవిలో గంటకు 25 డాలర్ల మామూలు ఇంటర్న్‌షిప్ వచ్చిందనుకున్నా వారానికి 40 గంటల చొప్పున 12 వారాలకు 12,000 డాలర్లు. పాతిక లక్షల పైన అప్పు చేస్తున్న ఇంట్లో ఈ 3 లక్షలు "వాడే అక్కడ సంపాదించుకుంటాడు" అనే పద్దులో రాసేయడం నాకు అర్థం కాదు. ఐ-20లో ఫీజుతో పాటు జీవన ఖర్చులు కూడా చూపిస్తారు, ఎడ్యుకేషన్ లోన్‌లో వాటికీ చోటుంది. బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడే ఆ నాలుగు నెలల ఖర్చు కూడా కలిపి అడగండి, మొదటి విడతలోనే వచ్చేలా చూసుకోండి.