టర్బో సీ బిన్ ఫోల్డర్ గారికి ఓ పాత రోల్ నంబర్ రాసుకున్న లేఖ

మహారాజశ్రీ బిన్ ఫోల్డర్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు ఎప్పట్లాగే కిక్కిరిసి ఉన్నారని తలుస్తాను.

గుర్తున్నానా అండీ? 2012, ఇంజినీరింగ్ ఫస్టియర్, సీ లాబ్, కిటికీ పక్క సిస్టమ్. సీ ప్రోగ్రామ్‌లు రాసి నడిపే టర్బో సీ తెరిస్తే నీలం స్క్రీన్ వచ్చేది, మేం ఏదో కొట్టి ఎఫ్2 నొక్కేవాళ్ళం, అది ఎక్కడ సేవ్ అవుతుందో అడిగే అలవాటు మాకు లేదు, చెప్పే అలవాటు సార్‌కీ లేదు. కంట్రోల్ ఎఫ్9 కొడితే అవుట్‌పుట్ వస్తోందా లేదా, రికార్డ్‌లో సంతకం పడిందా లేదా, అంతే. అలా రాసిందల్లా మీ ఒళ్ళోనే పడేది. బిన్ అంటే బైనరీ అని చాలా లేటుగా తెలిసింది, నేనైతే చెత్తబుట్ట అనుకున్నా, ఆ లెక్కన మేం వాడింది కరెక్టే.

నిజానికి మీ ఇంట్లో ఉండాల్సింది మేం రాసింది మెషీన్ భాషలోకి మార్చే కంపైలరు, ఆ ముక్కల్ని కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసే లింకరు, వాటి సరంజామా. వంటవాడి గరిటెల గంపలో మేం బియ్యం పోశాం, తొక్కలేశాం, వండిన కూర కూడా అందులోనే వంపాం. ఒక్క ఫ్యాక్టోరియల్ రాస్తే చాలు, మేం రాసిన ఫ్యాక్ట్ డాట్ సీపీపీ, దాని పాత కాపీ డాట్ బ్యాక్, కంపైలర్ ఇచ్చే డాట్ ఓబీజే, చివరికి నడిచే డాట్ ఈఎక్స్ఈ, మొత్తం నాలుగు. పేరుకేమో 8 అక్షరాలు దాటకూడదు. సెక్షన్‌లో 60 మందిమీ ఫ్యాక్ట్ అనే పెడతాం కదా, ఓవర్‌రైట్ చెయ్యాలా అని మీరు మర్యాదగా అడిగితే చదవకుండా ఎస్ కొట్టేసేవాళ్ళం. నా ఫ్యాక్ట్7లో వేరేవాడి పాలిండ్రోమ్ దొరికిన రోజులున్నాయి. అన్నిటికంటే గొప్పపని ఒకడు చేశాడు, ప్రోగ్రామ్‌కి మేక్ అని పేరు పెట్టి రన్ చేశాడు, దెబ్బకి మీ దగ్గరున్న అసలు మేక్ డాట్ ఈఎక్స్ఈ పోయి వాడి నక్షత్రాల పిరమిడ్ కూర్చుంది. మారిన ఫైల్ ఏదో చూసి దాన్ని మాత్రమే మళ్ళీ కంపైల్ చేయించే పెద్దమనిషండీ అది! మూడేళ్ళైనా ఎవరూ గమనించలేదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ పిలిచిన పాపాన పోలేదు.

ప్రోగ్రామ్ అంటే ఒక ఫైలు, ఫైలంటే ఒక ప్రోగ్రామ్, మీ దగ్గర నేర్చుకున్న వేదాంతం ఇదే. చాలా ఫైళ్ళు కలిపి ఒక్క ప్రోగ్రామ్ చేసేందుకు మెనూలో ప్రాజెక్ట్ అని ఒకటుండేది, అది ఫైనలియర్ వాళ్ళకేమో అనుకున్నా. అందుకే స్టాక్ కోడ్ వేరే సీపీపీలో పెట్టాల్సొచ్చినప్పుడు ఏకంగా ఆ సీపీపీనే ఇన్‌క్లూడ్ చేసేశా, అంటే మొత్తం నా ఫైల్లోకి లాగేశా. మీ దగ్గర నడిచింది. ఉద్యోగంలో చేరాక అదే చేస్తే ఆ ఫైల్ విడిగా ఒకసారి, నా ఫైల్లో కాపీ అయ్యి ఇంకోసారి కంపైలైంది, ఒకే ఫంక్షన్ రెండుచోట్ల ఉందేంటని లింకర్ గోల. హెడర్‌లో, అంటే అందరూ ఇన్‌క్లూడ్ చేసుకునే ఫైల్లో, ఫంక్షన్ ఉందని చెప్పే డిక్లరేషన్ మాత్రమే పెట్టాలి, అసలు ఒళ్ళు ఒక్క సీపీపీలోనే ఉండాలి, మిగతా పెళ్ళి లింకర్ చూసుకుంటుంది, ఈ ముక్క నాకు 2016లో తెలిసింది అంటే మీరే చెప్పండి.

ఆ ఆఫీసులో సోర్స్, ఇన్‌క్లూడ్, టెస్ట్స్, కంపైలర్ తయారుచేసినవి పడే బిల్డ్ అని ఫోల్డర్లు. బిల్డ్ పేరు చూడగానే మీ చుట్టంలా అనిపించి ప్రాణం లేచొచ్చింది, కొత్త ఫైళ్ళు మూడూ అందులోనే పెట్టేశా, ఏ ఫైళ్ళు కంపైల్ చెయ్యాలో చెప్పే సీమేక్‌లో దారి కూడా అలాగే రాశా, పాపం కంపైలైంది కూడా. రెండ్రోజుల తర్వాత ఏదో పిచ్చి ఎర్రర్ వస్తే మా సీనియర్ అక్క బిల్డ్ మొత్తం తీసేసి మళ్ళీ చెయ్యి తమ్ముడూ అంది. తీసేశా. కోడ్ పాత కాపీలన్నీ దాచిపెట్టే గిట్‌లో ఉంటాయిలే అని ధైర్యం. గిట్ అసలు బిల్డ్ వైపే చూడకూడదని ఎప్పుడో రాసిపెట్టారట.

"సోర్స్ ఎవరైనా బిల్డ్‌లో పెడతారా, ఏ కాలేజ్ నీది?" అని అడిగింది. కాలేజ్ పేరు చెప్పలేదండీ. మీ పేరు కూడా చెప్పలేదు.

ఇట్లు,
ఫ్యాక్ట్7 డాట్ సీపీపీ