ప్యానెల్ సరే, నోట్‌బుక్ చూసేదెవరు?

హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ప్రభుత్వ బడి. ఆరో తరగతి లెక్కల పీరియడ్. గోడకున్న డిజిటల్ ప్యానెల్ మీద పిజ్జా ముక్కలవుతూ భిన్నాల పాఠం నడుస్తోంది. పిల్లలు రెప్ప వేయకుండా చూస్తున్నారు. వీడియో అయ్యాక టీచర్ బెంచీల మధ్యకు వెళితే, చివరి వరుసలోని అమ్మాయి మూడో వంతుకు నాలుగో వంతు కలిపి 2/7 అని రాసుకుంది. పైవి పైకి, కిందివి కిందికి కూడేసింది. ఆయన ఒక కాగితం చింపి ఇచ్చి నిలువుగా మూడు భాగాలు, అడ్డంగా నాలుగు భాగాలు వచ్చేలా మడతపెట్టించారు. పన్నెండు గళ్లు. మూడో వంతంటే నాలుగు, నాలుగో వంతంటే మూడు. మొత్తం 7/12. ఆ పిల్ల తనే వేలుపెట్టి లెక్కపెట్టింది. తర్వాత అదే గళ్లబొమ్మ ప్యానెల్ మీద గీసి అందరితో చేయించారు.

ప్యానెల్ పనికొచ్చింది. కానీ తప్పు ఎక్కడుందో పట్టింది మాత్రం ప్యానెల్ కాదు.

బడిలోకి తెర రావడం మనకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అప్పటి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందాయి. గడువు తీరింది, నాసా నుంచి అరువు తెచ్చుకున్న ఆ ఉపగ్రహం వెళ్లిపోయింది. 2020 సెప్టెంబరులో కరోనా వేళ తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి చానల్, ప్రభుత్వ పాఠాల చానల్ టీశాట్‌లే తరగతి గదులయ్యాయి. ఇంటికొకటే ఫోన్ ఉన్న బస్తీల్లో నాన్న డ్యూటీకి వెళితే ఆన్‌లైన్ క్లాసు కూడా ఆయన జేబులోనే వెళ్లిపోయేది.

ఇప్పుడు చిక్కు ఇంకో రకం. అడిగినదానికి జవాబు రాసిపెట్టే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత హోంవర్క్ అనే మాటకు అర్థం మారిపోయింది. ప్రశ్నను ఫొటో తీస్తే చాలు, జవాబు మెట్లు మెట్లుగా వచ్చేస్తుంది. కార్పొరేట్ స్కూలు పిల్లలకే కాదు, నెట్ ప్యాక్ ఉన్న ఫోన్ దొరికితే ఎవరికైనా. పొద్దున నోట్‌బుక్ చూస్తే అన్నీ రైటే. ఆ 2/7 మాత్రం ఎక్కడా కనపడదు. తప్పు కనపడకపోతే టీచర్ దేన్ని దిద్దాలి? పిల్లల్ని తిట్టి లాభం లేదు, మనమూ ఆఫీసుల్లో చేస్తున్నది అదే. రాత పని ఇంటి నుంచి తరగతి గదికి తిరిగి రావాలి. పాఠం వినడం ఇంట్లోనైనా కుదురుతుంది, తప్పులు చేయడం టీచర్ ఎదుట జరగాలి.

దానికి టీచర్‌కు తీరిక ఉండాలి. మొదటి పీరియడ్‌లో ముఖ గుర్తింపు హాజరు, తర్వాత మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆపైన ఇంకో యాప్‌లో వివరాలు. సర్వర్ నెమ్మదిస్తే టెన్షన్ వేరు. టెక్నాలజీ పేరు చెప్పి టీచర్ కళ్లను పిల్లల మీద నుంచి ఫోన్ మీదకు మళ్లించాం. ఒకసారి ఇచ్చిన వివరాన్ని మళ్లీ అడగని ఏర్పాటు చేయడం, సాఫ్ట్‌వేర్‌తో బతుకుతున్న ఈ నగరానికి అంత కష్టమా?

సాంకేతికతను ఎవరి షరతుల మీద తెస్తున్నారని యునెస్కో 2023 నివేదిక నేరుగా అడిగింది. మన షరతులు మనం చెప్పుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఇస్తున్నాం. వీడియో పాఠానికీ ఆ వెసులుబాటు ఉందా, ఉర్దూ మీడియం పిల్లల సంగతేమిటి అన్నది కొనేముందే అడగాలి. టీచర్లకు శిక్షణ అంటే స్విచ్చులు చూపించే ఒక్కపూట కార్యక్రమం కాదు, ఏ పాఠానికి ప్యానెల్ వేయాలో, ఎప్పుడు ఆపాలో తోటి టీచర్లతో కూర్చుని తేల్చుకునే సమయం. మరమ్మతు ఖర్చు టెండర్‌లోనే ఉండాలి. ప్యానెల్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు గోడ మీద రాసి ఉండాలి. చేస్తే ఎత్తేవాళ్లూ ఉండాలి.