అడ్మిన్లు చెప్పని ఆరు రహస్యాలట!

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది ఐదోసారి. మొదట పీజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మా శ్రీకాకుళం లెక్చరర్ల గ్రూపులో, నిన్న రాత్రి ఏకంగా మా బావమరిది పంపాడు. ఆయనది నరసన్నపేటలో ఎరువుల కొట్టు. సూపర్‌కంప్యూటర్‌తో ఆయనకేం పనో ఆ దేవుడికే తెలియాలి. "సూపర్‌కంప్యూటర్ వాడేవాళ్లకి అడ్మిన్లు చెప్పని ఆరు రహస్యాలు" అని మొదలై, "పదిమందికి పంపండి" అని ముగుస్తుంది.

మొదటి రహస్యం: తెలిసినవాళ్లుంటే క్యూలో ముందుకెళ్లొచ్చు. ఎవరి జాబు, అంటే నడపమని ఇచ్చిన పని, ఎప్పుడు నడవాలో తేల్చేది స్లర్మ్ అనే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్. దానికి బంధువులు లేరు. తర్వాతది చూద్దాం.

"ఎప్పుడూ ఎక్కువ కోర్లు, ఎక్కువ గంటలు అడగండి." కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం. కాంప్లెక్స్‌లో టెక్కలి బస్సు ఎక్కినవాళ్లకి తెలుసు: ఒంటి మనిషికి ఎక్కడో ఓ సీటు దొరికేస్తుంది, ఏడుగురికి కలిపి కావాలంటే ఇంకో బస్సు కోసం ఆగాలి. పెద్ద జాబు కోసం నోడ్‌లు (సూపర్‌కంప్యూటర్‌లోని ఒక్కో కంప్యూటర్) ఖాళీ అయ్యేలోపు, ఆ సందులో పట్టే చిన్న జాబుల్ని షెడ్యూలర్ నడిపించేస్తుంది. రెండు గంటల పనికి 48 గంటలు రాస్తే ఆ సందులో మీరు పట్టరు. ఇక ఒక్క కోర్ మీద నడిచే ప్రోగ్రాంకి నలభై అడిగితే ముప్పై తొమ్మిది గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి, వాడకం మాత్రం మీ లెక్కలోనే పడుతుంది. ఫెయిర్‌షేర్, అంటే ఇప్పటిదాకా వాడినదాన్ని బట్టి క్యూలో మీకు దక్కే ప్రాధాన్యం, పడిపోయి తర్వాతి జాబు ఇంకా వెనక్కి పోతుంది.

మూడోది, అందరూ లోపలికొచ్చే లాగిన్ నోడ్ మీదే జాబులు నడిపేయమని. రైతుబజార్ గేటుకి అడ్డంగా బండి పెట్టి వంకాయలు అమ్ముకోమన్నట్టుంది. నాలుగోది, స్క్రాచ్ అనే తాత్కాలిక స్టోరేజ్‌లో పెడితే ఫైళ్లు భద్రమని. దానికి బ్యాకప్ ఉండదు, గడువు దాటితే తుడిచేస్తారు. థీసిస్ అక్కడ దాచుకునేవాళ్లకి నమస్కారం.

నాకు ఒళ్లు మండింది ఐదోదానికి: "ల్యాబ్‌లో ఒక్కరు అకౌంట్ తీసుకుని పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వండి."

మా ల్యాబ్‌లో అదే చేశాం. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించి ఉండేది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుని మోడల్‌లో మళ్లీ నడిపి చూస్తున్నాం. పదకొండు రోజుల రన్‌లు. ఎంటెక్ కుర్రాడొకడు చోటు చాలడం లేదని "టెంప్" అని ఉన్న ఫోల్డర్ తీసేశాడు. ఆ పేరు పెట్టింది నేనే. "ఏటి సార్, అది నాదే అనుకున్నాను" అన్నాడు. అకౌంట్ ఒకటే కాబట్టి వాడిదీ నిజమే.

ఇది మా ఇంటి గొడవ. పెద్ద గొడవ 2020 మేలో జరిగింది. దొంగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌లతో ఎవరో యూరప్ సూపర్‌కంప్యూటర్లలోకి దూరారు. బ్రిటన్‌లో ఆర్చర్‌నీ, జర్మనీలో మరికొన్నింటినీ మూసేయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల ఆ యంత్రాలతో మొనేరో అనే క్రిప్టో కాయిన్లు తవ్వుకున్నారు. కరోనా పరిశోధనలు నడుస్తున్న రోజులవి. ఆర్చర్ తెరుచుకునేలోపు వాడేవాళ్లందరి పాస్‌వర్డులూ, కీలూ మార్చాల్సి వచ్చింది. ఒక్క తాళంచెవి బయటికి పోతే వందలమంది గుమ్మం బయట నిలబడాలి. మీ చీటీ ఫొటో ఏ గ్రూపులో తిరుగుతోందో మీకు తెలుసా? పదిమందికి పంపండి మరి!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. 2015లో 4,500 కోట్లతో నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ పెట్టినప్పుడు దేశమంతా డెబ్బైకి పైగా యంత్రాలని కలుపుతామన్నారు. కానీ మా ఊరి ఎంటెక్ విద్యార్థి ప్రాజెక్టు నాలుగు నెలలే. అకౌంట్ కోసం ఫారం, గైడ్ సంతకం, హెడ్ సంతకం, ప్రిన్సిపాల్ సీలు అయ్యేసరికి మా దగ్గర అందులో ఒక నెల పోతుంది. చీటీ అంటించింది బద్ధకంతో కాదు. కొత్త అకౌంట్ వారంలో చేతికొస్తే ఆ చీటీ ఊడిపోయేదే.

ఆరోది, సపోర్టుకి మెయిల్ పెడితే జవాబే రాదని. నాక్కూడా ఒకసారి తొమ్మిది రోజులు పట్టింది, తిట్టుకున్నాను కూడా. మొన్న పాత మెయిల్ వెతికి చూశాను. నేను రాసింది మొత్తం "సార్, జాబ్ నాట్ వర్కింగ్" అనే. రెండో రోజే వాళ్లు జాబ్ ఐడీ, స్క్రిప్టు, ఎర్రర్ ఫైలు అడిగారు. మిగతా ఏడు రోజులూ నావే.